వారానికి ఐదు రోజుల ఆకలి

మార్లిస్ ట్వెయిట్ పద్నాలుగు మెట్లెక్కి డిటెక్టివ్ నోరీన్ ఓస్ట్రెమ్ ఆఫీసు గది చేరడానికి ఆరు నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. పైనున్న వాళ్ళకి ఆవిడ మూలుగు వినిపిస్తూనే ఉంది.

"కుర్చీ తలుపు దగ్గరికి జరుపు, వెండెల్," అంది నోరీన్, కిటికీ దగ్గర నుంచి కదలకుండానే. "మోకాలు బాగాలేని మనిషి. భయపడి ఉంది కూడా."

వెండెల్ ప్రాక్ ఇరవై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి, ఆ తర్వాత నోరీన్ దగ్గర చేరాడు. ఆవిడ దగ్గినా అందులో ఏదో అర్థం ఉంటుందని నమ్మే మనిషి. "మోకాలంటే సరే మేడం, భయం సంగతి ఎలా తెలిసింది?" అన్నాడు.

"ఇంత మంచులో కారు దీపాలు ఆర్పకుండా దిగొచ్చేసింది. వెళ్ళి ఆర్పి రా."

అతను తిరిగొచ్చేసరికి మార్లిస్ కుర్చీలో కూలబడి, మందపాటి చేసంచీని ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుని ఉంది. యాభై రెండేళ్ళుంటాయి. కెటిల్ బ్రూక్ ఊళ్ళో స్కూలు వంటింట్లో పని. వెండెల్ కాఫీలో పాలు పోయబోతే చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"పాలొద్దు నాయనా. నాకు పడవు. ఒక్క చుక్క పడినా రోజంతా కడుపు పట్టుకుని కూర్చోవాలి."

తర్వాత సంచీలోంచి ఓ ప్లాస్టిక్ డబ్బా తీసి బల్లమీద పెట్టింది. ఏడు గళ్ళున్న డబ్బా, వారానికి ఏడు మాత్రలు. ఐదు గళ్ళు ఖాళీ. శుక్ర, శనివారాల గళ్ళల్లో మాత్రం తెలుపూ నీలం కలిసిన క్యాప్సూళ్ళు ఉన్నాయి.

"నా మందుని ఎవరో మార్చేస్తున్నారు. ఎవరూ నమ్మట్లేదు," అంటూ కళ్ళు తుడుచుకుంది.

అది ఆకలి చంపే మందు. కొత్తగా వచ్చిన సూదిమందుకి ఆవిడ ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకోకపోతే, డాక్టరు ఈ పాతకాలపు క్యాప్సూలు రాశాడు. పోయిన వేసవిలో మార్లిస్ రెండువందల అరవై ఎనిమిది పౌన్లు. కొత్త సంవత్సరం నాటికి రెండువందల ఇరవై ఆరు. మోకాలికి ఆపరేషన్ చెయ్యాలంటే రెండువందల ఇరవై లోపు ఉండాలని సర్జన్ గట్టిగా చెప్పాడు. గడువు మార్చి ఇరవై.

"ఇంక ఆరు పౌన్లే కదా అని సంబరపడ్డా. ఇంతలో ఆకలి తిరిగొచ్చింది," అంది మార్లిస్. "మామూలు ఆకలి కాదమ్మా. స్కూల్లో పిల్లలు వదిలేసిన రొట్టె ముక్కలు తిన్నా నేను. చెప్పుకుంటే సిగ్గుచేటు. నాలుగు వారాల్లో ఐదు పౌన్లు పెరిగా."

"డాక్టరేమన్నాడు?"

"మందు ఒంటికి అలవాటైపోతే అంతే, పని చెయ్యదు అన్నాడు. వచ్చే బుధవారం చూసి ఆపేస్తానన్నాడు. మందు ఆపితే నా గతేం కాను? మోకాలు బాగవదు. నిలబడలేని దాన్ని వంటింట్లో ఎన్నాళ్ళుంచుకుంటారు?"

"ఈ డబ్బా ఎవరెవరు ముట్టుకుంటారు?"

"ఎవరూ ముట్టుకోరు. సీసా ఇంట్లో అలమరలో ఉంటుంది. ఆదివారం పొద్దున్నే దాంట్లోంచి ఏడు తీసి డబ్బా నింపుతా. ఇంక డబ్బా ఈ సంచీలోనే, సంచీ నాతోనే. ఎక్కడా వదలను."

"రోజూ ఎప్పుడు వేసుకుంటారు?"

"లేవగానే, పెద్ద గ్లాసుడు నీళ్ళతో. మంగళవారం మాత్రం తూకం అయ్యాక. గ్లాసుడు నీళ్ళంటే అర పౌను కదా."

నోరీన్ పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది. మంగళవారం పొద్దున్నే ఆరున్నరకి, పనులకి పోకముందు, కెటిల్ బ్రూక్ లూథరన్ చర్చి కింది హాల్లో బరువు తగ్గే వాళ్ళ సంఘం కలుస్తుంది. అందరూ పరగడుపున వస్తారు. ఆ వారం ఎక్కువ తగ్గిన వాళ్ళకి బంగారు రంగు అట్ట కిరీటం పెడతారు. మార్చిలో ఏడాది కిరీటం. పోయిన ఆర్నెల్లలో మార్లిస్ ఆ కిరీటాన్ని తొమ్మిదిసార్లు పెట్టుకుంది.

"అంటే మీమీద కుళ్ళుకునే వాళ్ళకి కరువు లేదన్నమాట," అంది నోరీన్.

"కొరీన్ ఉంది. త్రాసు దగ్గర రాసేది తనే. నాకంటే ముందు మూడేళ్ళు కిరీటం ఆవిడదే." మార్లిస్ గొంతు తగ్గించింది. "మా ఆయన ఓరిన్ కూడా ఈమధ్య అదోలా ఉన్నాడు. సామాన్ల కొట్లో ఎవడో నా కోసం తలుపు తీసి పట్టుకున్నాడని రెండు రోజులు మాట్లాడలేదు."

"స్నేహితులు?"

"ఆర్డిస్ క్వాల్. ఇరవై రెండేళ్ళ స్నేహం. అదొక్కతే నన్నేమీ అనదు. దానికసలు కిరీటం గొడవే లేదు, కబుర్ల కోసం వస్తుంది."

సంఘం నియమం ప్రకారం తిన్న ప్రతి ముద్దా రాసుకునే పుస్తకం ఒకటుంటుంది. నోరీన్ ఆ పుస్తకాన్నీ, డబ్బాలో మిగిలిన రెండు క్యాప్సూళ్ళనీ తీసుకుంది. ఈ రెండు రోజులకి సీసాలోంచి వేసుకోమనీ, తన దగ్గరికి వచ్చినట్టు పిట్టకి కూడా తెలియకూడదనీ చెప్పి పంపింది.

మార్లిస్ వెళ్ళాక వెండెల్ చేతులు రుద్దుకున్నాడు. "మొగుడే మేడం. పెళ్ళాం చిక్కి అందంగా తయారైతే సహించలేని రకం."

"ముందు ఈ పుస్తకం చదువు. గత నాలుగు వారాలూ చదువు. ఏ రోజు ఏం తిందో చూడు."

వెండెల్ చదివాడు. మంగళవారం మధ్యాహ్నం నుంచి చూసుకోవాలి ఆవిడ తిండి. బుధవారం మాకరోనీ రెండు పళ్ళాలు, శుక్రవారం వేయించిన చేప, దానితో బంగాళాదుంపలు, శనివారం మూడింటికి కేఫ్‌లో ఆర్డిస్‌తో చెర్రీ పళ్ళు కూరి కాల్చిన పై. ఆదివారం మాత్రం ఓరిన్ చేసిన పాన్‌కేకుల్లో ఒకటి సగం తిని వదిలేసిందట. సోమవారం గుడ్డూ, కాస్త సూపూ. మళ్ళీ మంగళవారం నుంచి మామూలే. అతనికి నోరూరింది తప్ప ఇంకేమీ తట్టలేదు.

*

మర్నాడు శుక్రవారం. కెటిల్ బ్రూక్ ముప్ఫై మైళ్ళు. అక్కడ నోరీన్‌ని గుర్తుపట్టే వాళ్ళెవరూ లేరు. ఇన్సూరెన్సు తరఫున ఆపరేషన్ సంగతి మాట్లాడటానికి వచ్చానని చెప్పి మార్లిస్ ఇంట్లోకి వెళ్ళింది. మార్లిస్ సీసా తెరిచి చూపిస్తే రెండు క్యాప్సూళ్ళు తన జేబులో వేసుకుంది.

ఓరిన్ గరాజులో మంచు తోసే యంత్రం బాగుచేస్తున్నాడు. భారీ మనిషి, మాట తక్కువ.

"మీ ఆవిడ బాగా తగ్గారు. సంతోషమేగా?" అంది నోరీన్.

"సగం పెళ్ళాం ఎటో పోయింది. ఎవర్నడిగి పోయిందో," అన్నాడు ఓరిన్, పానా తిప్పుతూ. "పాత కోట్లన్నీ చర్చికిచ్చేస్తానంది. నేనివ్వనివ్వలా. అటకెక్కించా."

"ఎందుకు?"

"మళ్ళీ కావాల్సి రావచ్చు."

బయటికొచ్చాక వెండెల్ నోరీన్ చెవిలో గుసగుసలాడాడు. "చూశారా మేడం! మళ్ళీ కావాల్సి రావచ్చట!"

"విన్నాను. నీకు క్షవరం చేయించాలి పద."

కొరీన్ హెస్‌కి ఊళ్ళో క్షవరం దుకాణం ఉంది. అరవై ఏళ్ళ సన్నటి మనిషి. వెండెల్‌ని సంఘంలో చేర్పించాలని వచ్చామని నోరీన్ చెబితే, వెండెల్ అద్దంలో ఆవిడ వంక గాయపడ్డ చూపు చూశాడు.

"తప్పకుండా తీసుకురండి. ఈయనకి అవసరమే," అంది కొరీన్, కత్తెర ఆడిస్తూ. "కానీ మా దగ్గర నోరు కట్టుకోవాలి. నేను ఎనభై పౌన్లు తగ్గా. ఎలా? ఏడ్చి, పడుకునే ముందు మంచినీళ్ళు తాగి! ఇప్పుడున్నారు కొంతమంది, పొద్దున్నే ఒకటి మింగి మహారాణులైపోతున్నారు."

"ఎవరో చెప్పుకున్నారు, మార్లిస్ అని."

"ఆవిడే! క్రిస్మస్‌కి నా చేత్తో పాలపొడి మిఠాయి చేసి, ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చా. పోనీలే, పాత సంగతులు మరిచిపోదామని. ముట్టుకుంటేగా! డబ్బా మూత కూడా తియ్యకుండా పక్కన పెట్టింది. అంత పొగరు! మళ్ళీ పెరుగుతోందిలెండి ఇప్పుడు. నేనే రాస్తున్నాగా." కొరీన్ ఆ మాట అంటుంటే మొహం వెలిగిపోయింది. దాచుకోవాలన్న ఆలోచన కూడా ఉన్నట్టు లేదు.

శనివారం పొద్దున, నోరీన్ క్యాప్సూళ్ళు పరీక్షకిచ్చిన తమ ఊరి మందుల షాపు నుంచి కబురొచ్చింది. డబ్బాలోంచి తీసిన రెండింట్లో మందు లేదు, బంగాళాదుంప పిండి ఉంది. క్యాప్సూలు తొడుగు మాత్రం అసలుదే. సీసాలోంచి తీసిన రెండూ నిఖార్సైన మందు.

"పాలపొడి కాదన్నమాట," అంది నోరీన్ తనలో తను. ఆ మాటలో ఏముందో వెండెల్‌కి అంతు పట్టలేదు. అడిగితే చెప్పదని తెలుసు కాబట్టి అడగలేదు.

మూడింటికి ఇద్దరూ కెటిల్ బ్రూక్ కేఫ్‌కి వెళ్ళారు. కిటికీ పక్క బల్ల దగ్గర ఓ నిండైన మనిషి కూర్చుని ఉంది. ఎదురుగా చెర్రీ పై, రెండు ఫోర్కులు. ఆర్డిస్ క్వాల్‌ని పోల్చుకోవడం కష్టం కాలేదు. పొద్దున్నే నోరీన్ ఫోన్ చేసి, మోకాలు నొప్పి వంకతో ఈ శనివారం రావద్దని మార్లిస్‌కి చెప్పింది. ఆర్డిస్ తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూస్తోంది.

సంఘంలో చేరబోయే మనిషి అని వెండెల్‌ని పరిచయం చేస్తే ఆవిడ గలగలా నవ్వింది. "ఇతనికేం, బాగానే ఉన్నాడు. కూర్చో బాబూ, పై తిను. మా మార్లిస్ రాలేదివ్వాళ."

వెండెల్‌కి రెండోసారి చెప్పించుకునే అలవాటు లేదు.

"ఆ మాత్రలు మంచివేనా? ఇతనికి కూడా రాయిద్దామా అని," అడిగింది నోరీన్.

"నేనూ వాడానమ్మా పోయినేడు, ఓ పదిహేను రోజులు. గుండె దడ, నిద్ర లేదు. తెల్లవారుజామున లేచి ఓవెన్ తోముకునేదాన్ని. నోరు ఎండిపోయేది. చాల్లే అని సగం సీసా ఉండగానే మానేశా. మార్లిస్‌కి బాగా పడ్డాయి." ఆర్డిస్ ఫోర్కు తిప్పుతూ కూర్చుంది. "మరీ బాగా పడ్డాయి. ఆర్నెల్లలో ఒక్కసారి తప్ప ఈ బల్ల మొహం చూడలేదు. ఆకలి లేదే, వచ్చి ఏం చెయ్యను అనేది. ఇప్పుడు మళ్ళీ వస్తోందిలే. దేవుడి దయ."

మిగిలిన పై ముక్కని ఆవిడ ఓ డబ్బాలో సర్దింది. తర్వాత సంచీలోంచి కాగితపు టేపు చుట్ట తీసి, ముక్క చింపి, మూత మీద అతికించి, పెన్నుతో 'మార్లిస్‌ది' అని, కింద తారీఖూ రాసింది.

"అన్నిటికీ టేపు అంటిస్తారా?" అన్నాడు వెండెల్.

"ఎవరిది వాళ్ళకి చేరొద్దూ మరి! మా ఇంట్లో మిగిలిన గ్రేవీకి కూడా పేరుంటుంది. మా అమ్మ పారేయడం నేర్పలేదు బాబూ."

*

ఆదివారం నోరీన్ చెప్పినట్టే, మార్లిస్ సీసాలోంచి తీసిన ఏడు క్యాప్సూళ్ళ మీదా ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టి డబ్బాలో నింపింది. సూది మొనంత చుక్క, వెతికితే తప్ప కనపడదు. మంగళవారం కూడా ప్రతి వారం ఎలా చేస్తుందో అలాగే చెయ్యమనీ, మాత్ర మాత్రం తను చెప్పేదాకా వేసుకోవద్దనీ అంది నోరీన్.

మంగళవారం ఆరుంపావు. చర్చి కింది హాల్లో కాఫీ కాగుతోంది గానీ ఎవరూ తాగడం లేదు, అది తూకం తర్వాత. పదకొండు మంది ఆడవాళ్ళు, వెండెల్. మంచులో భార్యని దింపడానికొచ్చిన ఓరిన్ మూల కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆర్డిస్‌కి చలెక్కువని ఎప్పుడూ ముందు తనే తూగి, స్వెట్టరేసుకుని, కోట్లు తగిలించే చోట బెంచీ మీద కూర్చుంటుంది. ఇవాళా అంతే.

మిగతా వాళ్ళు వరసలో నిలబడి ఒలవడం మొదలెట్టారు. బూట్లు, స్వెట్టర్లు, బెల్టులు, చేతి గడియారాలు. ఒకావిడ పెట్టుడు పళ్ళు కూడా తీసి రుమాల్లో చుట్టింది. వెండెల్ నోరు తెరుచుకుని చూశాడు.

"ఔన్సు ఔన్సే కదయ్యా," అంది ఆవిడ, పళ్ళు లేకుండా.

మార్లిస్ కళ్ళజోడు తీసి ఆర్డిస్‌కిచ్చింది. గడియారం ఇచ్చింది. పెళ్ళి ఉంగరం తీసిస్తే, పడిపోకుండా ఆర్డిస్ దాన్ని తన చిటికెన వేలికి తొడుక్కుంది. చివర్న సంచీ ఆర్డిస్ భుజానికి మారింది. ఇద్దరూ ఆ పని మాట్లాడుకుంటూనే చేశారు. ఇరవై రెండేళ్ళుగా మంగళవారం మంగళవారం చేస్తున్న పని.

కొరీన్ కడ్డీ త్రాసు దగ్గర కళ్ళద్దాలు సవరించుకుని గుండు జరిపింది. హాలంతా ఊపిరి బిగబట్టి కడ్డీనే చూస్తోంది. వెండెల్ కూడా చూశాడు. నోరీన్ ఎటు చూసిందో అతను గమనించలేదు.

"రెండువందల ముప్ఫై," అంది కొరీన్. "ఒకటి తగ్గింది." ఆ తగ్గింది అనడంలో ఆవిడకి ఎంత బాధ కలిగిందో హాల్లో అందరికీ తెలిసింది.

వెండెల్ తూకం సంగతి ఇక్కడ రాయడం అతనికి ఇష్టం ఉండదు.

ఏడయ్యేసరికి కాఫీలు తాగి ఆడవాళ్ళు పనులకి వెళ్ళిపోయారు. నోరీన్ నలుగురిని మాత్రం ఆగమంది. మార్లిస్, ఓరిన్, కొరీన్, ఆర్డిస్. మడత కుర్చీలు గుండ్రంగా వేసింది.

"నేను ఇన్సూరెన్సు మనిషిని కాను. సంఘంలో చేరడానికీ రాలేదు," అంది. "నేను డిటెక్టివ్‌ని. ఐదు వారాలుగా ఎవరో మార్లిస్ మందు తీసేసి, అందులో బంగాళాదుంప పిండి పెడుతున్నారు."

"నాకేం సంబంధం?" అంది కొరీన్ వెంటనే. "నాకు కుళ్ళే, కాదనను. ఊరంతటికీ తెలుసు. అంతమాత్రాన..."

"కుళ్ళు ఈ గదిలో ముగ్గురికి ఉంది. ఎవరిది ఏ రకం అన్నదే లెక్క. కూర్చోండి." నోరీన్ తిండి పుస్తకం తెరిచింది. "మార్లిస్‌కి ఆకలి వారమంతా వెయ్యలేదు. మంగళవారం నుంచి శనివారం దాకా వేసింది. ఆది, సోమవారాలు మందు మందులాగే పనిచేసింది. ఓరిన్, మీరు చేసిన పాన్‌కేకు ఆవిడ ఆదివారం సగం కూడా తినలేకపోయింది. అవునా?"

"ఊఁ. కుక్కకేశా."

"మీరు దొంగైతే సీసా మీ ఇంట్లోనే ఉంది, ఏడూ మార్చేవారు. ఆదివారం వండి పెట్టేది మీరు, ఆ రోజే ఆవిడకి ఆకలి లేకుండా చేసుకుంటారా? సీసాలో మందు సరిగ్గానే ఉంది. కాబట్టి మార్చింది ఇంట్లో కాదు. డబ్బా నింపింది ఆదివారం, చెడింది మంగళవారం. ఆ రోజు పొద్దున ఆవిడ మాత్ర వేసుకోకుండా వస్తుంది, నీళ్ళ బరువని. అందుకే మంగళవారం మాత్ర కూడా దొంగ చేతికి దొరికింది."

ఓరిన్ మొదటిసారి తలెత్తి భార్య వంక చూశాడు. "నన్ను అనుమానించావా?"

"కోట్లు అటకెక్కించావుగా," అంది మార్లిస్.

"ఒకవేళ లావెక్కితే కోటు లేక నువ్వు చలికి వణుకుతావని. లావెక్కాలని కాదు," అన్నాడు ఓరిన్. మొహం ఎర్రబడి, మళ్ళీ నేలకేసి తిరిగింది.

"ఇంక కొరీన్," అంది నోరీన్. "తెల్లపొడి కావాలంటే ఈ చుట్టుపక్కల ఏ వంటింట్లోనైనా ముందు చేతికొచ్చేది పాలపొడి. మీ ఇంట్లో డబ్బాలకొద్దీ ఉంది. కానీ ఈ దొంగ అది వాడలేదు. పాలు మార్లిస్‌కి పడవని తెలిసి, బంగాళాదుంప పిండి వెతికింది. మందు దొంగిలిస్తూ కూడా ఆవిడ కడుపు నొప్పి గురించి ఆలోచించింది. మీరు మాత్రం మిఠాయి ముట్టలేదని ఆవిడకి పొగరనుకున్నారు. పడదని మీకు తెలియనే తెలియదు."

కొరీన్ నోరు తెరిచి, మార్లిస్ వంక తిరిగింది. "పాలు పడవా? చెప్పొచ్చుగా!"

"అడగొచ్చుగా," అంది మార్లిస్.

వెండెల్ మిగిలిన మనిషి వంక చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. అతను ఆవిడ పెట్టిన చెర్రీ పై తిన్నాడు మరి.

"సంచీ ఎక్కడా వదలనన్నారు మార్లిస్," అంది నోరీన్ మెల్లగా. "అబద్ధం చెప్పలేదు. స్నేహితురాలి చేతికిస్తే వదిలినట్టని మీకే కాదు, ఇక్కడ ఎవరికీ తోచదు. డబ్బా తియ్యండి."

మార్లిస్ సంచీలోంచి డబ్బా తీసింది. మంగళవారం గడి తెరిచింది. క్యాప్సూలు తిప్పి తిప్పి చూసింది. బుధవారంది చూసింది. గురువారంది చూసింది.

"చుక్క లేదు," అంది. "ఒక్కదానికీ చుక్క లేదు."

"మొదటి వారం పెట్టిన ఐదు పిండి క్యాప్సూళ్ళు ఎక్కడివి? పోయినేడు మానేసిన మందు, సగం సీసా మిగిలింది. అందులోవి ఐదు ఖాళీ చేసి పిండి నింపారు. ఆ తర్వాత ప్రతి మంగళవారం తీసుకున్న ఐదింటినీ ఖాళీ చేసి, పై వారానికి సిద్ధం చేసుకున్నారు. అందరూ కడ్డీ వంక చూస్తున్నప్పుడు ఐదు గళ్ళు మార్చడానికి నిమిషం చాలు. చుక్కలున్న ఐదూ మీ స్వెట్టరు కుడి జేబులో ఉన్నాయి, ఆర్డిస్."

ఆర్డిస్ జేబులోంచి రుమాలు తీసి, మడత విప్పి, కుర్చీ మీద పెట్టింది. ఐదు ఎర్ర చుక్కలు.

"ఎందుకే?" అంది మార్లిస్. "కిరీటం కావాలంటే ఇచ్చేసేదాన్ని కదే!"

"నీ అట్ట కిరీటం ఎవడిక్కావాలే?" ఆర్డిస్ గొంతు ఒక్కసారిగా లేచింది. "శనివారం కావాలి నాకు! ఇరవై రెండేళ్ళు శనివారం మూడింటికి ఆ బల్ల దగ్గర కూర్చున్నాం. మా ఆయన పోయినప్పుడు అక్కడే కూర్చున్నాం. నీకు ఆకలి పోయింది, దాంతోపాటు నేనూ పోయా. ఓ మాత్రకి నన్ను వదిలేశావు నువ్వు. మనిషికైతే ఎదురెళ్ళి పోట్లాడొచ్చు. మాత్రతో ఎట్లా పోట్లాడను?"

"రమ్మని అడిగితే రానా? కాఫీ తాగుతూ కూర్చునేదాన్ని!"

"వచ్చావుగా ఓసారి, అక్టోబర్లో. కాఫీ తాగావు. నేను తింటుంటే నా ఫోర్కు వంకే చూశావు. లెక్కపెడుతున్నావేమో అనిపించింది. నీ మొహంలో జాలి కనిపించిందే, మార్లిస్. నీకు నామీద జాలి!"

మార్లిస్ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. జాలిపడిన మాట నిజమే అయ్యుంటుంది.

"ఆకలేస్తే వస్తావనుకున్నా," అంది ఆర్డిస్. "వచ్చావు. రెండు ముక్కలు తిన్నావు, నవ్వావు. నాలుగు శనివారాలు. నాకు అవి చాలు."

"నా మోకాలు?"

అసూయ ఆర్డిస్‌ని ఎంత గుడ్డిదాన్ని చేసిందంటే, పడని పాలు గుర్తున్నాయి గానీ నడవలేని కాలు గుర్తుకు రాలేదు. చిటికెన వేలికి ఇంకా ఉండిపోయిన మార్లిస్ ఉంగరం తియ్యబోయింది. అది రాలేదు. తిప్పింది, లాగింది. మార్లిస్ చూస్తూ కూర్చుంది తప్ప సాయం చెయ్యలేదు. చివరికి కొరీన్ లేచి, గబగబా వెళ్ళి సబ్బు తెచ్చి రాస్తే ఊడింది.

*

బుధవారం మార్లిస్‌తో పాటు నోరీన్ కూడా వెళ్ళి, మందుల షాపు కాగితం డాక్టరు ముందు పెట్టింది. మందు పనిచెయ్యకపోవడం వేరు, మందే లేకపోవడం వేరని ఆయనకి ఒప్పుకోక తప్పలేదు. మందు కొనసాగించాడు. సర్జన్‌కి తనే ఫోన్ చేసి గడువు ఏప్రిల్ ఆఖరుకి మార్పించాడు. పోలీసులకి చెబుదామా అని నోరీన్ అడిగితే, మార్లిస్ తల అడ్డంగా ఊపింది.

ఆ శుక్రవారం నోరీన్ ఆఫీసు తలుపు దగ్గర ఎవరో ఓ కాగితం సంచీ పెట్టి వెళ్ళారు. లోపల చిన్నపిల్లల తిండి అమ్మే గాజుసీసా ఒకటి. అడుగున తెల్లటి మందు పొడి, పాతిక క్యాప్సూళ్ళంత. మూతకి కాగితపు టేపు, దానిమీద ఆరు తారీఖులు, పైన 'మార్లిస్‌ది' అని గుండ్రటి అక్షరాలు. ఆరో తారీఖు మీద కొట్టివేత. ఆ వారానివి చుక్కలతో తిరిగిచ్చేసింది కదా.

"పారేయలేదు మేడం," అన్నాడు వెండెల్, నమ్మలేక. "దొంగిలించిన దానికి కూడా పేరు రాసి దాచింది."

"తనది కాదని తెలుసు కాబట్టే," అంది నోరీన్. సీసాని బీరువాలో పెట్టి తాళం వేసింది.

పై మంగళవారం వెండెల్ ఒక్కడే కెటిల్ బ్రూక్ వెళ్ళాడు. ఎందుకంటే, నాలుగు వారాల చందా కట్టేశాడు మరి. అక్కడ జరిగింది వచ్చి అతనే చెప్పాడు.

ఆర్డిస్ రాలేదు. బెంచీ ఖాళీగా ఉంది. అందరూ బూట్లూ గడియారాలూ ఒలుస్తున్నారు. మార్లిస్ వంతు వచ్చింది. కోటు విప్పలేదు. కళ్ళజోడు కళ్ళకే ఉంది, ఉంగరం వేలికే ఉంది. భుజాన సంచీతో, ఓరిన్ చెయ్యి పట్టుకుంటే, కుంటుతూ వెళ్ళి త్రాసెక్కింది.

కొరీన్ గుండు జరపబోయి ఆగింది. "సంచీ ఇటివ్వవే. నేను పట్టుకుంటా." ఈసారి ఆ గొంతులో ఏ పుల్లా లేదట.

"వద్దు కొరీన్," అంది మార్లిస్. "దీనితోనే రాయి."

"తొమ్మిది పౌన్లు ఎక్కువొస్తుందే! కిరీటం పోతుంది!"

"పోనీ."

కొరీన్ రెండువందల ముప్ఫై ఏడు అని రాసింది. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మార్లిస్ త్రాసు దిగి, సంచీలోంచి తనే డబ్బా తీసుకుని, మంగళవారం గడి తెరిచి, గ్లాసుడు నీళ్ళతో మాత్ర వేసుకుంది. తర్వాత వెళ్ళి ఆ బెంచీ మీద, ఓ మనిషి పట్టేంత చోటు వదిలి, ఓ చివర కూర్చుంది.